విమానేతర ధ్వని

తాతబ్బాయి గారు మునిసిపల్ ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరైన రోజున ఆయనకి శాలువా కప్పి, గోడగడియారం ఇచ్చి పంపారు గానీ, ఆయనలోంచి సూపరింటెండెంటుని ఎవరూ బయటికి తియ్యలేదు. అందుచేత ఇంటికి ఇద్దరూ కలిసే వచ్చారు. వాళ్ళలో తాతబ్బాయి గారికి బొమ్మ విమానాలంటే ప్రాణం. సూపరింటెండెంటుకి నిబంధనలంటే ప్రాణం. మొదటాయన వల్ల ఊళ్ళో ఎవరికీ చెప్పుకోదగ్గ నష్టం జరగలేదు. ఈ కథ రెండో ఆయన నిర్వాకం గురించి.

బొమ్మ విమానమంటే పుట్టినరోజుకి కొనిచ్చే ప్లాస్టిక్ సరుకు అనుకోకండి. తేలిక చెక్కతో చేసిన బారెడు రెక్కలు, వాటి మీద బిగించి అంటించిన రంగు కాగితం, ముక్కు దగ్గర నిమ్మకాయంత డీజిలింజను. ఆ ఇంజనుని ఆయన తెలిసినవాళ్ళ లేతు మిషను దగ్గర ఏడాదిపైన కూర్చుని, తొలిచి, అరగదీసి సొంతంగా తయారుచేసుకున్నారు. కిరసనాయిలు, ఈథరు, ఆముదం కలిపి పోస్తే తాగుతుంది. ఇంట్లో ఆముదం సీసా ఖాళీ అయినప్పుడు భార్య మాలక్ష్మమ్మ గారు "తలకి రాసుకున్నారా?" అని అడగరు. ఆయన తల మీద అందుకు తగిన ఆధారాలేమీ లేవు.

ఆ ఇంజనుకి నిప్పురవ్వతో పనిలేదు. నెత్తిన ఒక మర ఉంటుంది. దాన్ని బిగించేకొద్దీ లోపల గాలి నలిగి, వేడెక్కి, నూనె దానంతటదే అంటుకుంటుంది. ఎంత బిగించాలన్నది చెవి చెప్పాలి. కాస్త తక్కువైతే దగ్గుతుంది, ఎక్కువైతే మూలుగుతుంది, సరిపోతే పాడుతుంది. పాట కుదిరాక విమానం రెండు సన్నటి ఉక్కు తీగల చివర గాలిలోకి లేచి గుండ్రంగా తిరుగుతుంది. తీగల రెండో కొస పట్టుకుని తాతబ్బాయి గారు మైదానం నడిమధ్య తిరుగుతారు. ఒక ఆదివారం టిఫిను కారియరు తెచ్చిన మాలక్ష్మమ్మ గారు ఆ వైభోగం చూసి, "ఇంతకీ మీరు దాన్ని తిప్పుతున్నారా, అది మిమ్మల్ని తిప్పుతోందా?" అని అడిగారు. ఆయన ఇంకో చుట్టు తిరిగి, "విషయం పరిశీలనలో ఉంది" అన్నారు.

గోల ఉందా అంటే ఉంది. దూరం నించి వింటే డబ్బాలో పడ్డ కందిరీగలా ఉంటుంది. దగ్గర్నించి వింటే ఆ డబ్బాలో మనం కూడా ఉన్నట్టుంటుంది. కానీ తాతబ్బాయి గారికి ఆ చప్పుడంటే ఎందుకంత ఇష్టమో చెప్పాలి. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆయన చేతి మీదుగా వెళ్ళిన ఫైళ్ళలో ఏది కదిలిందో, ఏది చచ్చిందో ఆయనకి తెలిసేది కాదు. ఒక్క కాగితమూ తిరిగొచ్చి "బాబూ, నేను పనిచేస్తున్నాను" అని చెప్పిన పాపాన పోలేదు. ఈ ఇంజను మాత్రం ఆ మాట ఆదివారం ఆదివారం గొంతెత్తి చెప్పేది. వినడానికి ఆయనకి చాలా బాగుండేది.

మైదానం పక్కన ట్యూషను చెప్పుకునే సోమయాజులు మాస్టారు ఒకరోజు వచ్చి, "కొంచెం తగ్గించుకుంటే బాగుంటుందండీ, పిల్లలకి ఎక్కాలు వినపట్టంలేదు" అని మర్యాదగా చెప్పారు. విమాన సంఘానికి తాతబ్బాయి గారు కార్యదర్శి, పశువుల డాక్టరు ఇమ్మానుయేలు గారు అధ్యక్షుడు. ఇద్దరూ కూర్చుని బుర్ర పెట్టారు. జర్దా డబ్బాతో ఒక చిన్న సైలెన్సరు చేశారు. చెక్క ఒళ్ళు డప్పులా మోగకుండా ఇంజను కింద రబ్బరు బిళ్ళలు వేశారు. నిదానంగా తిరిగేందుకు ముక్కున కాస్త పెద్ద పంకా చెక్కి పెట్టారు. చప్పుడు సగానికి సగం పడిపోయింది. మాస్టారు వచ్చి థాంక్స్ చెప్పి, ఒక డజను అరటిపళ్ళు కూడా ఇచ్చి వెళ్ళారు.

కథ ఇక్కడితో అయిపోవలసింది. కానీ ఊరికి కొత్త కమిషనరు వచ్చారు.

ఈ ప్రద్యుమ్న గారు వస్తూ వస్తూ ఏదో శిక్షణా తరగతికి వెళ్ళి, అక్కడి నించి 'ప్రశాంత పట్టణం' అనే పోటీని వెంటబెట్టుకుని వచ్చారు. రాష్ట్రంలో అన్నిటికన్నా చప్పుడు తక్కువున్న ఊరికి బహుమతిట. ఊళ్ళో ఏయే శబ్దాలున్నాయో సర్వే చేయించారు. గుళ్ళ మైకులు, చర్చి మైకులు, మసీదు మైకులు మనోభావాల కింద లెక్కలోంచి తీసేశారు. బస్సుల హారన్లు వేరే శాఖ. కల్యాణమండపం జనరేటరు చైర్మన్ గారి బావమరిదిది. పార్టీల ఊరేగింపులు ప్రజాస్వామ్యం. ఇవన్నీ పోగా మిగిలింది, వెనకా ముందూ ఎవరూ లేని నమూనా విమాన సంఘం. ఊరు మొత్తానికి నోరులేని శబ్దం అదొక్కటే తేలింది.

వెంటనే నోటీసు వచ్చింది. "మీ సంఘము వారిచే మునిసిపల్ మైదానమునందు ఎగురవేయబడుచున్న నమూనా విమానముల వలన ప్రజాశాంతికి భంగము వాటిల్లుచున్నదని ఈ కార్యాలయపు దృష్టికి వచ్చియున్నది. కావున మైదానపు అనుమతిని ఏల రద్దుపరచరాదో తెలుపవలసినది."

ఇమ్మానుయేలు గారు అది చదివి కంగారుపడ్డారు. తాతబ్బాయి గారికి మాత్రం కోపం రావడానికి బదులు కళ్ళు చెమర్చాయి. 'వచ్చియున్నది', 'ఏల రద్దుపరచరాదో'... అవి తను నేర్పిన వాక్యాలే. తను లేకపోయినా ఆఫీసు పద్ధతి తప్పలేదన్న మాట.

నోటీసు మీద పెట్టిన మీటింగులో కమిషనరు గారు బోర్డు మీద పెద్ద సున్నా చుట్టారు. "ఇది మన విజన్. జీరో నాయిస్. విమానాలు నిషేధిస్తే పేపర్లో బాగా వస్తుంది. స్టేక్‌హోల్డర్ల స్పందన ఏమిటి?"

స్టేక్‌హోల్డరు అంటే తామేనని ఇమ్మానుయేలు గారు గ్రహించేలోపు తాతబ్బాయి గారిలోని సూపరింటెండెంటు లేచి నిలబడ్డాడు.

"నిషేధం మొరటు మాటండీ. ఎవడైనా నిషేధిస్తాడు. నియంత్రణ ఉంటే నియంత్రించే అధికారి ఉంటాడు, రిజిస్టరు ఉంటుంది, తనిఖీ ఉంటుంది, తనిఖీ మీద మళ్ళీ నివేదిక ఉంటుంది. తమరు ఊఁ అంటే డ్రాఫ్టు నేను పెడతాను."

కమిషనరు గారికి 'నివేదిక' అన్న మాట నచ్చింది. అక్కడికక్కడే శానిటరీ ఇన్‌స్పెక్టరు సత్తిరాజుని ధ్వని తనిఖీ అధికారిగా కూడా నియమించి, చేతిలో ఒక శబ్దం కొలిచే మీటరు పెట్టారు. సత్తిరాజు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఆయ్, అలాగేనండి. దీనికి దోమల మందు మిషన్లాగా నూనె పొయ్యాలాండీ?" అని అడిగాడు.

ఆ రాత్రి తాతబ్బాయి గారు పెళ్ళికొడుకులా కూర్చుని రాశారు. మాలక్ష్మమ్మ గారు భోజనానికి పిలిచి పిలిచి విసుగెత్తి కంచం మీద మూత పెట్టేశారు. చివరికి తయారైంది ఆ వాక్యం: "మైదానమునందు నమూనా విమానము వలన కలుగు ధ్వని, అదే సమయమున అదే ప్రదేశమున విమానేతర కారణముల వలన కలుగు పరిసర ధ్వనిని ఎట్టి పరిస్థితులలోనూ మించరాదు."

'విమానేతర' అన్న మాట దగ్గర ఆయన కలం కింద పెట్టి, కళ్ళజోడు తీసి, ఆ మాట వంక దూరం నించి ఒకసారి, దగ్గర నించి ఒకసారి చూసుకున్నారు. శిక్ష లేని నిబంధన చప్పగా ఉంటుందని, రెండోసారి మించితే ఇంజను జప్తు చేయాలని, అనుమతి శాశ్వతంగా రద్దు కావాలని కూడా తనే చేర్చారు.

"ఇదేంటండీ, మన మెడకి మనమే తాడు పేనుకోవడం?" అన్నారు ఇమ్మానుయేలు గారు.

"మీరు పశువుల మనిషి, మీకు తెలీదు డాక్టరు గారూ. మన ఊళ్ళో పరిసర ధ్వని ఎంతుంటుందో ఎప్పుడైనా విన్నారా? బస్టాండు గోలే చాలు, మన విమానం అందులో ములిగిపోద్ది. ఊరున్నంత కాలం మనకి ఢోకా లేదు."

ఆ లెక్క తప్పేమీ కాదు. కాకపోతే ఆ లెక్క వేసినప్పుడు ఆయన బస్టాండుకెదురుగా ఉన్న ఆఫీసుని తలుచుకున్నారు. మైదానం ఊరి చివర ఉంది.

మొదటి తనిఖీ ఆదివారం పొద్దున్నే పెట్టారు. అసలే ఊరి చివర. పైగా ఆ రోజు ప్రశాంత పట్టణం ప్రారంభం కాబట్టి కమిషనరు గారు ఆ వైపు రోడ్డు మూయించి, రిక్షాల్ని కూడా మళ్ళించారు. సత్తిరాజు మీటరు పట్టుకుని చాలాసేపు ఆకాశం వంక చూసి నివేదిక చెప్పాడు. "పరిసర ధ్వని... రెండు కాకులండి. అందులో ఒకటి ఎగిరిపోయిందండి."

ఇంజను స్టార్టయింది. సైలెన్సరు తొడుక్కుని, రబ్బరు బిళ్ళల మీద కూర్చుని, ఎంత వినయంగా పాడాలో అంత వినయంగానూ పాడింది. అయినా మిగిలిన కాకిని మించింది.

సత్తిరాజు మనసొప్పకపోయినా ఇంజనుకి దారం చుట్టి లక్కసీలు వేశాడు. "ఏమీ అనుకోకండి తాతబ్బాయి గారూ, రూలు." తాతబ్బాయి గారు ఏమనుకుంటారు! సీలు పక్కకి పడితే తనే సరిచేసి పట్టుకున్నారు. ఇంటికొచ్చాక మాత్రం అన్నం సహించలేదు. రెండో తనిఖీలో కూడా పోతే ఇంజను శానిటరీ గోడౌనులో చీపుళ్ళ మధ్యకి పోతుంది. తన చేత్తో పుట్టించి, తన చేత్తోనే ఉత్తర్వు రాసి పంపినట్టవుతుంది. "నా తెలివికి నేనే దణ్ణం పెట్టుకోవాలే" అన్నారు భార్యతో.

"పెట్టుకోండి. తూర్పు తిరిగి పెట్టుకోండి" అన్నారావిడ.

ఉపాయం సత్తిరాజే చెప్పాడు. టీకొట్టు దగ్గర కనబడి, కాస్త పక్కకి పిలిచి గొంతు తగ్గించాడు.

"మీరు రాసింది నేను మళ్ళీ మళ్ళీ చదివానండి. అందులో విమానం గోల తగ్గాలని ఎక్కడా లేదండి. మించకూడదనే ఉందండి. మరి ఇది తగ్గనప్పుడు అది పెంచుకోవచ్చు కదండీ?"

"ఏది?"

"అదేనండి, పరిసరం."

మామూలు మనిషైతే ఇక్కడ ఆగి, సిగ్గుపడి, ఆ రూలు చించి పారేసేవాడు. తాతబ్బాయి గారు పొంగిపోయారు. తను రాసిన వాక్యంలో తనకే తెలియని లోతు ఉందన్న మాట!

రెండో తనిఖీకి గంగరాజు మైకుసెట్టు మాట్లాడారు. పెళ్ళిళ్ళకి పెట్టే నాలుగు పెద్ద బాక్సులు మైదానం నాలుగు మూలలా నిలబెట్టి పాటలు పెట్టారు. భూమి అదిరింది. సత్తిరాజు సీలు విప్పాడు. విమానం ఎగిరింది. మీటరు ముల్లు విమానం ఉన్నా లేనట్టే ఉంది. సత్తిరాజు సర్టిఫికెట్టు రాసిచ్చాడు. "సదరు విమానము సంపూర్ణ నిశ్శబ్దమైనదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది."

కమిషనరు గారికి ఇది ఎంత నచ్చిందంటే వారం తిరక్కుండా సర్క్యులరు వచ్చింది. ఇక మీదట విమానం ఎగరేసే ప్రతి ఆదివారం 'పరిసర ధ్వని సదుపాయము' తప్పనిసరి. దానికి టెండరు పిలిచారు. మైకుసెట్టుకి కరెంటు పోతే విమానానికి చప్పుడొచ్చే ప్రమాదం ఉంది కాబట్టి ఒక జనరేటరు పెట్టారు. ఆ జనరేటరు గోల కూడా పరిసర ధ్వనే కాబట్టి ఒక ఖర్చుతో రెండు ప్రయోజనాలు నెరవేరాయని ఆడిటు వారు మెచ్చుకున్నారు. క్యాసెట్టు మార్చే విరామంలో ఖాళీ రాకుండా బ్యాండుమేళం పెట్టారు. బ్యాండువాళ్ళు ఊపిరి పీల్చుకునేటప్పుడు వాయించడానికి తాషాలు పెట్టారు.

సోమయాజులు మాస్టారు పరుగెత్తుకుంటూ వచ్చారు. చెవుల్లో దూది ఉంది. "ఏం కర్మండీ ఇది! ఇంట్లో గిన్నెలు వాటంతటవే నడుస్తున్నాయి!"

సత్తిరాజు రిజిస్టరు తెరిచి ఆయన చెవి దగ్గర అరిచాడు. "ఫిర్యాదు విమానం మీదాండీ, విమానేతరం మీదాండీ?"

"విమానం ఎక్కడుందయ్యా? వినపడితేగా!"

"ఆయ్, అదేనండి మాకు కావలసింది. ఇక్కడో సంతకం పెట్టండి, విమానం వినపట్టంలేదని."

మాస్టారు ఆ గోలలో సత్తిరాజు ఏం రాశాడో చూసుకోకుండా సంతకం పెట్టి, వెళుతూ వెళుతూ తాతబ్బాయి గారి చెయ్యి పట్టుకుని, "మీ ఇంజనే హాయిగా ఉండేది బాబూ" అన్నారు. పెదాల కదలికని బట్టి తాతబ్బాయి గారు ఆ మాట ఊహించుకున్నారు. అది ఎక్కడ గుచ్చుకోవాలో అక్కడే గుచ్చుకుంది.

ఎందుకంటే ఆయనకి కూడా ఇంజను వినపట్టంలేదు. పంకా తిరుగుతోంది, పొగ వస్తోంది, చేతి కింద వణుకు తెలుస్తోంది. పాట మాత్రం లేదు. నెత్తి మీది మర ఎంత బిగించాలో చెప్పడానికి చెవి పనికిరాకుండా పోయింది. ఇమ్మానుయేలు గారు తన సంచిలోంచి స్టెతస్కోపు తీసి, చూడి గేదెని పరీక్ష చేసినంత శ్రద్ధగా ఇంజను ఒంటికి ఆనించి, వేళ్ళతో సైగలు చేసేవారు. ఒక వేలు చూపిస్తే బిగించమని, రెండు చూపిస్తే వదలమని. ఆదివారం ఆదివారం ఊరి జనం చూస్తుండగా ఇద్దరు పెద్దమనుషులు ఒక నిమ్మకాయకి వైద్యం చేస్తుండేవారు. ఆ అవతారంలో తమని తాము చూసుకుని ఇద్దరూ పడీ పడీ నవ్వుకున్న రోజులున్నాయి. ఆ నవ్వు కూడా ఎవరికీ వినపడలేదు.

"మానేద్దామండీ" అన్నారొకసారి డాక్టరు గారు.

"ఎలా మానేస్తాం? ఆర్నెల్లు ఎగరెయ్యకపోతే అనుమతి రద్దవుతుంది."

"అది కూడా రాశారా?"

తాతబ్బాయి గారు వంగి తీగలు చుట్టుకోసాగారు.

ఆఖరికి ప్రశాంత పట్టణం న్యాయనిర్ణేతలు వచ్చే రోజు వచ్చింది. ఊరు మొత్తంలో శబ్దాన్ని జయించిన ఒకే ఒక్క రంగం విమానయానం కాబట్టి ప్రదర్శన మైదానంలోనే పెట్టారు. మైకుసెట్లు రెండింతలయ్యాయి. జనరేటర్లు వరసగా నిలబడ్డాయి. మూడు ఊళ్ళ బ్యాండుమేళాలు వచ్చాయి. ఫైరింజనుని కూడా తెప్పించి, సైరను సిద్ధంగా ఉంచారు. కమిషనరు గారు వేదిక మీద నించి ప్రసంగించారు. పక్కనున్న వాళ్ళక్కూడా వినపడలేదు. చేతులు ఊపిన తీరుని బట్టి అందరూ చప్పట్లు కొట్టారు.

మాలక్ష్మమ్మ గారు కూడా వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. ఆవిడ చూస్తుండగా ఇమ్మానుయేలు గారు స్టెతస్కోపుతో నాడి చూసి, ఒక వేలు చూపించి, మళ్ళీ రెండు చూపించి, చివరికి అనుమానంగా తలూపారు. విమానం లేచింది. తాతబ్బాయి గారు మధ్యలో తిరగసాగారు.

ఇంజను ఆగిపోయే ముందు దగ్గుతుంది. ఆ దగ్గు వినగానే ఎగరేసేవాడు విమానాన్ని కిందికి దింపుకునే ప్రయత్నంలో పడాలి. ఆ దగ్గు కోసమే చెవులు అటు వేసి ఉంచడం ఇన్నేళ్ళుగా ఆయనకి అలవాటు. ఆ రోజు చెవుల్లో తాషాలున్నాయి. ఇంజను ఎప్పుడు దగ్గిందో, ఎప్పుడు ఆగిందో ఆయనకి తెలియలేదు. చేతిలో తీగలు ఒక్కసారిగా వదులయ్యాక తెలిసింది. అప్పటికే విమానం ముక్కు కిందికి తిప్పుకుని, నేరుగా వచ్చి నేలలో దిగబడింది. బారెడు రెక్కలు చీపురుపుల్లల్లా చెదిరాయి.

బ్యాండు ఆగలేదు. వాళ్ళ కళ్ళు బ్యాండు మాస్టరు మీద ఉన్నాయి. న్యాయనిర్ణేతల కళ్ళు మీటరు ముల్లు మీద ఉన్నాయి. సత్తిరాజు ముల్లు చూసి, పెన్ను తీసి, నివేదికలో ఒక వాక్యం రాసి వాళ్ళకి చూపించాడు. "పతన ధ్వని సైతము పరిసర ధ్వనిని మించలేదు." న్యాయనిర్ణేతలు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అంత నిశ్శబ్దంగా కూలిన విమానాన్ని వాళ్ళు ఎక్కడా చూడలేదట.

తాతబ్బాయి గారు మోకాళ్ళ మీద కూర్చుని ముక్కలు ఏరుకున్నారు. ఏడుపు వచ్చింది. ఏడ్చినా పరిసర ధ్వనిని మించదని తెలుసు కాబట్టి కాస్త గట్టిగానే ఏడ్చారు. మాలక్ష్మమ్మ గారు వచ్చి, కొంగు పరిచి ముక్కలన్నీ అందులో వేయించుకున్నారు. వెనక వేదిక మీద ఊరికి మొదటి బహుమతి ఇస్తున్నారు.

ఇంజను ఇనుము కాబట్టి బతికింది. వంగిన ఇరుసు మార్చి, నూనె పైపు సరిచేసి, నెల తిరిగేసరికి తాతబ్బాయి గారు దానికి కొత్త విమానం కట్టారు. అంతకన్నా ముందు భార్య ఎదుట నిలబడి, జన్మలో మళ్ళీ నిబంధన రాయనని ఒట్టు పెట్టుకున్నారు. బహుమతి పుణ్యమా అని ప్రద్యుమ్న గారికి ప్రమోషనొచ్చి వెళ్ళిపోయారు. ఇన్‌చార్జిగా వచ్చిన పెద్దమనిషికి నిద్ర తక్కువ. కొత్త విమానంతో మళ్ళీ మేళాలు మొదలవుతాయని బెదిరి, మైదానం చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళందరూ సోమయాజులు మాస్టారి వెనక వచ్చి ఆఫీసు ముందు కూర్చోగానే ఆయన చెవులు మూసుకుని, "ఆ రూలు తీసేసి, పని జరిగే రూలు ఏదైనా రాసి తే. రేపు సాయంత్రం సంతకం పెట్టేస్తాను" అని సత్తిరాజుకి చెప్పాడు.

సత్తిరాజు జన్మలో రూలు రాసినవాడు కాదు. రాత్రంతా కష్టపడి ఒక అరఠావు మీద రాసి, పొద్దున్నే తాతబ్బాయి గారింటికి తెచ్చాడు. ఇమ్మానుయేలు గారు అప్పటికే అక్కడున్నారు.

"సంఘం తరపున మీరు ఒప్పుకున్నట్టు సంతకం పెడితే చాలండి. సాయంత్రానికి ఆర్డరైపోద్ది. ఆదివారం ఎగరేసేసుకోవచ్చు."

తాతబ్బాయి గారు కళ్ళజోడు పెట్టుకుని చదివారు. "సైలెన్సరు పెట్టుకుని విమానాలు ఎగరేసుకోండి. పిల్లల చదువు వేళ వద్దు. మైకులు, బ్యాండులు అసలే వద్దు." అంతే ఉంది.

ఇంతకన్నా ఏం కావాలి? మైదానం వచ్చింది. మాస్టారికి శాంతి వచ్చింది. అన్నిటికీ మించి ఇంజను పాట తిరిగి వచ్చింది. ఆదివారం పొద్దున్న మర తిప్పుతూ, చెవి వంచి, ఆ పాట వింటున్నట్టే అనిపించి ఆయన గుండె ఝల్లుమంది. ఇమ్మానుయేలు గారు ఆనందం పట్టలేక సత్తిరాజుని కౌగిలించుకున్నారు. మాలక్ష్మమ్మ గారు అందరికీ కాఫీలు తెచ్చారు.

తాతబ్బాయి గారు సంతకం పెట్టబోయి ఆగారు.

"'ఎగరేసుకోండి' అంటే... మరీ గాలిపటాలకి చెప్పినట్టు లేదూ?"

"ఉండనీండి, బానే ఉంది" అన్నారు ఇమ్మానుయేలు గారు గబగబా.

"ఎవరు ఎవరితో అంటున్నారు? ఏ హోదాలో? రేపు ఎవడైనా కోర్టుకెళితే?"

"ఎవడూ ఎళ్ళడండీ బాబూ, పెట్టెయ్యండి" అన్నాడు సత్తిరాజు.

"ఏవండీ, ఒట్టు" అన్నారు మాలక్ష్మమ్మ గారు.

"రాయడం లేదే. రాయనన్నాను గానీ దిద్దనన్లేదు. ఒక్క మాట, అంతే." ఆయన చెయ్యి అప్పటికే కలం మూత తీసేసింది. ఆ చేతిని ఆపాలని ఆయనకి నిజంగానే ఉంది. కాఫీ చల్లారేదాకా ఆ చేతి వంక ఆయన కూడా మిగతావాళ్ళతోపాటు నిస్సహాయంగా చూస్తూ కూర్చున్నారు. అరఠావు నిండిపోయింది. వెనక వైపు కూడా నిండింది. ఇంకో ఠావు కావలసి వచ్చింది.

"తగిన అధికారి సంతృప్తి చెందిన మీదట, తగు రీతిని ధ్వని నిరోధక సాధనము అమర్చబడినచో, నమూనా విమానములు ఎగురవేయబడుటకు అనుమతి మంజూరు చేయబడవచ్చును. అట్టి మంజూరు అందువరకు ఇంజను నడుపరాదు." పూర్తయ్యాక ఆయన దూరం నించి ఒకసారి, దగ్గర నించి ఒకసారి చూసుకున్నారు. ముఖం వెలిగిపోయింది.

"ఈ తగిన అధికారి ఎవరండీ?" అని అడిగారు ఇమ్మానుయేలు గారు.

"అది పై ఆఫీసువాళ్ళు నిర్ణయించాలి. మనం పేరు చెప్పకుండా వదిలేశాం చూశారూ, అందులోనే ఉందండీ..."

ఆ వాక్యం ఆయన పూర్తిచెయ్యలేదు. ఎదురుగా ముగ్గురూ తన వంకే చూస్తున్నారు. చేతిలో కలం చూసుకున్నారు, తర్వాత కాగితం చూసుకున్నారు. సత్తిరాజు రాసిన మొదటి వాక్యం కొట్టివేతల కింద ఎక్కడుందో వెతికారు. కనబడలేదు.

ఇన్‌చార్జి పెద్దమనిషి మాటిచ్చినట్టే సాయంత్రం ఆ దిద్దిన కాగితం మీదే సంతకం పెట్టేశాడు. ఫైలు పై ఆఫీసుకి వెళ్ళింది. తగిన అధికారి ఎవరన్న విషయం అక్కడ పరిశీలనలో ఉందని అప్పుడప్పుడూ ఉత్తరం వస్తుంది. మైదానంలో గేదెలు మేస్తున్నాయి. తాతబ్బాయి గారు ఆదివారం ఆదివారం ఇంజనుకి ఒక చుక్క ఆముదం వేసి, గుడ్డతో తుడిచి, పంకాని వేలితో మెల్లగా ఒక చుట్టు తిప్పి వదిలేస్తారు. అంతకు మించి తిప్పితే అది నడపడం కిందికి వస్తుందో రాదో ఆయన రాసిన దాంట్లో స్పష్టంగా లేదు.